కంతు మారలేదు, గడువు పెరిగింది: ఇంటి అప్పు లోపలి లెక్క

తిరుపతిలో ఇల్లు కొనే మాట ఎత్తగానే మొదట వచ్చే ప్రశ్న ‘నెలకు ఎంత పడుతుంది?’ అనే. తిరుచానూరు రోడ్డులో ఫ్లాటు చూపించే మధ్యవర్తి, బ్యాంకు ఫైలు పట్టుకుని తిరిగే ఏజెంటు, కొనాలనుకునే కుటుంబం, అందరూ ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతారు. అద్దె ఎలాగూ పది వేలు కడుతున్నాం, ఇంకో పదిహేను వేలు కలిపితే సొంతిల్లు వస్తుంది కదా అనే దగ్గర లెక్క ముగిసిపోతుంది. కంతు (నెలనెలా కట్టే ఈఎంఐ) చేతికి అందితే అప్పు కూడా అందినట్టేనన్న ధీమా. చిక్కేమిటంటే, అప్పు గురించి అన్నిటికంటే తక్కువ చెప్పే అంకె కంతే. బాకీ ఎంత మిగిలింది, ఏ రేటుకు, ఇంకా ఎన్ని నెలలు అన్న మూడు ప్రశ్నలకూ అది జవాబివ్వదు. పైగా ఆ మూడూ తలకిందులైనా తను మాత్రం కదలకుండా ఉండగలదు. 2022, 2023 సంవత్సరాల్లో చాలా ఇళ్లలో జరిగింది సరిగ్గా ఇదే.

మన వైపు వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు. నూటికి రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అంటారు. నెలకు నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ఆ కొలతలో 8.5 శాతం ఇంటి అప్పు దాదాపు 71 పైసల వడ్డీ. అలా వింటే ఎవరికైనా చవకే అనిపిస్తుంది, నిజంగానే చవక కూడా. ప్రోనోటు రాసి తెచ్చుకున్న అప్పుకూ దీనికీ తేడా రేటులో కంటే తీర్చే పద్ధతిలో ఎక్కువ. ప్రోనోటు అప్పులో నెలనెలా వడ్డీ కడతారు, అసలు అలాగే కూర్చుని ఉంటుంది, ఎప్పుడో పొలం అమ్మినప్పుడో చీటీ ఎత్తినప్పుడో ఒకేసారి తీరుస్తారు. బ్యాంకు కంతులో వడ్డీ, అసలు రెండూ కలిసే ఉంటాయి. ఆ నెల బాకీ మీద వడ్డీ ముందు కోసుకుని, మిగిలిందే అసలులో తగ్గిస్తారు. ‘నెలనెలా ఇంత కడుతున్నా అసలు కదలడం లేదే’ అని బ్యాంకు కౌంటర్ల దగ్గర వినిపించే గొణుగుడికి మూలం ఇదే. మోసం ఏమీ లేదు. గుణకారం, అంతే.

ఒక అప్పు తీసుకుని చూద్దాం. 30 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు. రేట్లు బ్యాంకును బట్టి, సిబిల్ స్కోరును (పాత అప్పులు తీర్చిన తీరుకు వేసే మార్కులను) బట్టి మారుతుంటాయి కాబట్టి ఈ 8.5ను లెక్క కోసం పెట్టుకున్న అంకెగానే చూడాలి. కంతు 26,035 రూపాయలు. ఏజెంట్ల భాషలో చెప్పాలంటే ‘లక్షకు 868’. మొదటి నెల 30 లక్షల మీద వడ్డీ 21,250. అసలులో తగ్గేది 4,785. రెండో నెల బాకీ ఆ మేరకు తగ్గింది కాబట్టి వడ్డీ ముప్ఫై నాలుగు రూపాయలు తగ్గుతుంది, అసలు వాటా అంత పెరుగుతుంది. ఇలా చీమ నడకన సాగుతుంది. ఐదేళ్లలో కట్టిన మొత్తం 15.62 లక్షలు, తగ్గిన అసలు 3.56 లక్షలు. కంతులో సగానికి పైగా అసలుకే వెళ్లడం పన్నెండో ఏట గానీ మొదలు కాదు. బాకీ 15 లక్షలకు, అంటే సరిగ్గా సగానికి, దిగేసరికి 13 ఏళ్ల 10 నెలలు గడిచిపోతాయి. మిగతా సగం మాత్రం ఆరేళ్ల పైచిలుకులో కరిగిపోతుంది. ఎనిమిదో ఏట ఇల్లు అమ్మి బాకీ ఎంతుందని అడిగినవారు ఉలిక్కిపడేది ఇందుకే.

ఇదే అప్పును 30 ఏళ్లకు సాగదీస్తే కంతు 23,067కు దిగుతుంది. నెలకు మూడు వేలు మిగిలినట్టే. కానీ 20 ఏళ్ల అప్పులో మొత్తం వడ్డీ 32.5 లక్షలైతే 30 ఏళ్లలో 53 లక్షలు. మూడు వేల ఊరటకు ఇరవై లక్షలకు పైగా అదనపు వడ్డీ. అటువైపు 15 ఏళ్లకు కుదిస్తే కంతు 29,542 అవుతుంది, మూడున్నర వేలు ఎక్కువ. వడ్డీ 23 లక్షల దగ్గర ఆగుతుంది, అంటే తొమ్మిది లక్షలు తక్కువ. గడువును మొదట్లో ఎవరూ బేరం చేయరు. రేటులో పావు శాతం తగ్గించమని నాలుగు బ్యాంకులు తిరిగినవారే, ఫారంలో 20 ఉన్నచోట 25 అని రాస్తే అభ్యంతరం చెప్పరు. కంతు తగ్గింది కదా మరి.

అలాగని అందరూ 15 ఏళ్లే పెట్టుకోవాలని కాదు. బ్యాంకు కాగితం మీద పొడుగు గడువు పెట్టుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఎక్కువ కట్టడం చాలా కుటుంబాలకు భద్రమైన దారి. తప్పనిసరి కంతు చిన్నది, ఇష్టపూర్వకంగా కట్టేది పెద్దది అవుతుంది. అయితే ఆ రెండోది నిజంగా కట్టాలి. కట్టకుండా 30 ఏళ్ల గడువు మాత్రం అట్టిపెట్టుకుంటే పైన చెప్పిన 53 లక్షల లెక్కే నిజమవుతుంది.

రేటు కదిలినప్పుడు

వ్యక్తులకిచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) ఇంటి అప్పులన్నిటినీ 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు బయటి ప్రామాణిక రేటుకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. ఎక్కువ బ్యాంకులు రెపో రేటునే, అంటే రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పుకు వేసే వడ్డీనే, ఎంచుకున్నాయి. దాని మీద బ్యాంకు తన మార్జిన్ వేసుకుంటుంది. రెపో మారితే కనీసం మూడు నెలలకోసారి మన రేటూ మారాలి. అంతకుముందు అప్పులు ఎంసీఎల్ఆర్ మీద, ఇంకా పాతవి బేస్ రేటు మీద నడిచేవి. రెండూ బ్యాంకు తన ఖర్చును బట్టి తానే వేసుకునే రేట్లు. అక్కడ తగ్గింపు ఆలస్యంగా చేరేది, పెంపు మాత్రం వేగంగా చేరేదన్న ఫిర్యాదు ఉండేది. గృహ రుణ సంస్థలకు, అంటే బ్యాంకులు కాని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు, ఈ రెపో నిబంధన వర్తించదు. అవి సొంత ప్రామాణిక రేటు మీద నడుస్తాయి. ‘ఆర్‌బీఐ తగ్గించింది, మాకెందుకు తగ్గలేదు?’ అని అడిగేవారు ముందు తమ అప్పు ఏ రకమో మంజూరు పత్రంలో చూసుకోవాలి.

రెపో 2020 మే నుంచి రెండేళ్లు 4 శాతం దగ్గర ఉంది. 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికల్లా 6.5కు చేరింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. ఆ పెంపు ఒక ఇంటి మీద ఎలా పడిందో చూస్తే కంతు ఎంత మోసకారి అంకో తెలుస్తుంది. 2021లో 6.7 శాతానికి 30 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నారనుకుందాం. కంతు 22,722. ఏడాదీ నాలుగు నెలలకు బాకీ 29 లక్షలకు దిగింది. అప్పుడు రేటు 9.2 అయిందనుకుంటే (నిజానికి విడతల వారీగా పెరిగింది, లెక్క తేలిక కోసం ఒకేసారి వేద్దాం) ఆ నెల వడ్డీ 22,233 రూపాయలు. కంతులో అసలుకు మిగిలింది 489. ఆ కంతుతోనే సాగితే అప్పు తీరడానికి ఇంకా 42 ఏళ్లు పడుతుంది. ముప్ఫై అయిదేళ్ల వయసులో అప్పు తీసుకున్న మనిషి ఎనభై దగ్గరికి వస్తాడు.

చాలా బ్యాంకులు అప్పట్లో కంతు ముట్టుకోకుండా గడువు పెంచుతూ పోయాయి. నెలనెలా ఖాతాలోంచి వెళ్లే మొత్తం అదే కాబట్టి చాలామందికి విషయమే తెలియలేదు. పదవీ విరమణ వయసు అడ్డం వచ్చినప్పుడో, వడ్డీ కంతును మించబోతున్నప్పుడో మాత్రమే ఫోన్లు వచ్చాయి. పాత గడువులోనే తీరాలంటే ఆ ఉదాహరణలో కంతు 27,138 కావాలి, నెలకు నాలుగు వేల నాలుగు వందలు ఎక్కువ. అది కష్టమే. కాకపోతే కష్టమని తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియకుండా పాతికేళ్లు మీద పడటం వేరు.

2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఈ గుట్టునే తాకింది. రేటు మారినప్పుడు కంతు పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా అనేది రుణగ్రహీత ఎంచుకునే వీలుండాలి. స్థిర వడ్డీకి మారే అవకాశం కూడా ఇవ్వాలని అప్పట్లో చెప్పింది, 2025 అక్టోబరు నుంచి దాన్ని బ్యాంకు ఇష్టానికే వదిలేసింది. గడువు పెంచేటప్పుడు కంతు ఆ నెల వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంటులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, కంతు మొత్తం, మిగిలిన కంతుల సంఖ్య, ఏడాది రేటు ఉండాలి. ఈ స్టేట్‌మెంటు బ్యాంకు యాప్‌లో దొరుకుతుంది. ఏడాదికి రెండుసార్లయినా తెరిచి ‘మిగిలిన కంతులు’ అన్న గడి చూడటం, మొత్తం అప్పు నిర్వహణలో చేయదగ్గ పనుల్లో అతి చిన్నదీ అతి విలువైనదీ. పోయినసారి 214 ఉంటే ఆరు నెలల తరవాత 208 ఉండాలి. 221 కనిపిస్తే కొర్లగుంటలో ఉన్నా చంద్రగిరిలో ఉన్నా ఆ వారమే బ్రాంచికి వెళ్లాలి.

2025లో గాలి మళ్లింది. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నాలుగు విడతల్లో రెపో 6.5 నుంచి 5.25కు దిగింది. రేటు తగ్గినప్పుడు జరిగే పొరపాటు పెరిగినప్పటి దానికి తిరగేసినది. బ్యాంకు కంతు తగ్గిస్తానంటే సంతోషంగా ఒప్పుకుంటారు. అంతకుముందు పెరిగిన గడువు అలాగే ఉండిపోతుంది. పెరిగినప్పుడు గడువు మోసింది కాబట్టి తగ్గినప్పుడు కూడా గడువే తగ్గించమని అడగడం న్యాయం. పాత కంతే కడుతూ ఉంటే చాలు, నెలలు వాటంతటవే రాలిపోతాయి.

ఇంకొకటి కూడా అడగాలి. అదే బ్రాంచిలో ఈ రోజు కొత్తగా వచ్చినవారికి ఇచ్చే మార్జిన్, మూడేళ్ల కిందట తీసుకున్నవారి మార్జిన్ ఒకటే అయి ఉండకపోవచ్చు. పాత ఖాతాదారుకు ఎవరూ పిలిచి తగ్గించరు. అడిగితే చిన్న రుసుముతో మారుస్తారు. మార్చకపోతే వేరే బ్యాంకుకు అప్పు బదిలీ చేసుకునే దారి ఉంది. కాకపోతే ప్రాసెసింగ్ రుసుం, లాయరు అభిప్రాయం, ఆస్తి పత్రాలు మళ్లీ డిపాజిట్ చేసేందుకు అయ్యే ఖర్చు అన్నీ కలుపుకుని చూడాలి. గడువు ఇంకా పన్నెండు, పదిహేనేళ్లు ఉండి రేటులో అర శాతం దాకా తేడా వస్తేనే ఆ తిరుగుడు గిట్టుబాటు. చివరి అయిదేళ్లలో ఉన్నవారు చెప్పులు అరగదీసుకోనక్కర్లేదు.

ముందుగా కట్టే డబ్బు

చేతిలోకి లక్ష రూపాయలు వచ్చాయి. టీటీడీ ఉద్యోగికి బ్రహ్మోత్సవ బహుమానంతో కలిపి దాచుకున్నది కావచ్చు, రేణిగుంట వైపు కంపెనీలో పనిచేసేవారికి బోనస్ కావచ్చు, బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోటకు ఆ ఏడు మంచి ధర పలికి ఉండొచ్చు. మన 30 లక్షల అప్పులో ఆ లక్షను మొదటి ఏడాది ముగిసిన వెంటనే కడితే 18 కంతులు తగ్గుతాయి. ఆ లక్ష పోను మిగిలే ఆదా సుమారు 3.7 లక్షలు. అదే లక్షను పదిహేనో ఏడాది చివర కడితే ఆదా 50 వేలు మాత్రమే. మనిషి చేతిలో డబ్బు ఆడేది వయసు పెరిగాక, అప్పుకు డబ్బు అవసరం ఎక్కువగా ఉండేది మొదటి ఏళ్లలో. ఈ ఎడం వల్లే పిల్లల చదువులు అయ్యాక ‘ఇప్పుడు అప్పు తీర్చేద్దాం’ అనుకునేసరికి తీర్చడంలో పెద్ద లాభం మిగలదు.

లక్ష కట్టాక బ్యాంకు ఒక ప్రశ్న అడుగుతుంది, లేదా అడగకుండానే తనకు తోచింది చేసేస్తుంది: కంతు తగ్గించాలా, గడువు తగ్గించాలా? గడువు తగ్గిస్తే ఆదా 3.7 లక్షలు అని చూశాం. గడువు అలాగే ఉంచి కంతు తగ్గిస్తే నెలకు 885 రూపాయలు మిగిలి, మొత్తం మీద ఆదా లక్ష దగ్గర ఆగిపోతుంది. కట్టింది అదే లక్ష, కట్టింది అదే రోజు. ఒక గడిలో టిక్కు ఎక్కడ పడిందన్నదే తేడా.

పెద్ద మొత్తాలు రానివారికి నెలనెలా చిన్న అదనం కూడా పని చేస్తుంది. 26,035 బదులు 28,035 కడితే 240 నెలల అప్పు 201 నెలల్లో తీరుతుంది. మూడేళ్ల మూడు నెలలు ముందు, వడ్డీలో ఆరు లక్షలకు పైగా ఆదా. రెండు వేలంటే తక్కువ కాదు, కానీ ఏటా ఇంక్రిమెంటు వచ్చే ఇంట్లో మరీ భారమూ కాదు. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చేస్తే రుసుం వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. స్థిర వడ్డీ అప్పులకు మాత్రం రుసుం ఉండొచ్చు, ఒప్పందం చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. రూపాయిన్నర వడ్డీ చేబదులు నెత్తిన ఉండగా 71 పైసల ఇంటి అప్పును ముందుగా తీర్చడం తెలివైన పని కాదు. మన ప్రాంతంలో ఇల్లు కొన్న చాలామంది నెత్తిన ఆ రెండో అప్పు ఉంటుంది, ఎందుకంటే బ్యాంకు మొత్తం ఇవ్వదు. 30 లక్షల లోపు అప్పుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకానే ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు, లోపలి చెక్కపని, గృహప్రవేశం అన్నీ చేతి డబ్బే. ఆ లోటును నగలు కుదువపెట్టో, చీటీ ముందుగా పాడో పూడుస్తారు. చీటీ తొలి నెలల్లో పాడుకుంటే వదులుకున్న మొత్తం కూడా వడ్డీయే, పేరు వేరు. దానికి తోడు చీటీ నడిపేవారి కమిషన్, చట్ట ప్రకారం 7 శాతం దాకా. కాబట్టి ఇల్లు కొన్న మొదటి రెండేళ్లు ఇంటి కంతు, చీటీ కంతు, బంగారం వడ్డీ మూడూ ఒకేసారి నడుస్తాయి. జీతంలో కంతు ఎంత శాతం ఉండాలన్న లెక్క వేసేటప్పుడు ఈ మూడూ కలిపి వేయాలి. బ్యాంకు తన లెక్కలో చీటీని చూడదు, చూసే మార్గమూ దానికి లేదు.

సమానమైన కంతు, సమానం కాని రాబడి

ఈఎంఐ అంటేనే సమానమైన నెలవారీ కంతు. జీతగాళ్ల లోకం కోసం పుట్టిన ఏర్పాటు అది. తిరుపతిలో రాబడి మాత్రం కొండమీది రద్దీతో ఎక్కి దిగుతుంది. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో టాక్సీ నడిపేవారికి, లాడ్జీలవారికి, లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల చిన్న హోటళ్లకు తీరిక ఉండదు. పరీక్షల కాలం వస్తే కార్లు స్టాండులో నిలబడి ఉంటాయి. చిత్తూరు పల్లెల్లో మామిడి డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. కంతు మాత్రం ప్రతి నెలా అయిదో తేదీకో పదో తేదీకో వస్తుంది.

ఇలాంటి ఇళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. రద్దీ నెలల్లో వచ్చినదాంట్లోంచి ఆరు కంతుల మొత్తం, మన ఉదాహరణలో లక్షా యాభై ఆరు వేలు, కంతు వెళ్లే ఖాతాకు దూరంగా పక్కన పెట్టడం. అది నిండేదాకా ముందస్తు చెల్లింపు మాటే ఎత్తకూడదు. కొన్ని బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి అప్పు ఇస్తాయి. అందులో మిగులు డబ్బు వేస్తే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువ. రాబడి ఎగుడుదిగుడుగా ఉండేవారికి ఆ కాస్త ఎక్కువ ఇవ్వడం దండగ కాదు. జీతగాళ్లకైతే మామూలు అప్పే చాలు. పైగా తీసుకునే వీలున్న డబ్బు కొందరి చేతిలో నిలవదు, అది వేరే సంగతి.

2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగాయి. జూన్ 11న గానీ సామాన్య భక్తులకు మళ్లీ మొదలు కాలేదు. ఆ మూడు నెలలు ఊరి రాబడి ఎలా ఎండిపోయిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంతులు వాయిదా వేసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. చాలామంది దాన్ని మాఫీగా విన్నారు. కంతు ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. 30 లక్షల కొత్త అప్పు మీద 8.5 లెక్కన ఆరు నెలల వడ్డీ లక్షా ఇరవై ఏడు వేలకు పైనే. అది బాకీలో కలిసింది. కంతు మార్చకపోతే ఆ ఆరు నెలలకు బదులుగా చివర్లో సుమారు ముప్ఫై కంతులు అదనంగా పడతాయి. అప్పు చివరి దశలో ఉన్నవారికి ఇంత దెబ్బ తగలదు, ఎందుకంటే వారి బాకీ చిన్నది. ఇకముందు ఎప్పుడు వాయిదా మాట వినిపించినా అడగాల్సింది ఒకటే: ఆ నెలల వడ్డీ ఎక్కడికి పోతుంది?

కట్టుకునే ఇల్లయితే లెక్క ఇంకో రకం. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో స్థలం తీసుకుని కట్టేవారికి బ్యాంకు డబ్బు పునాది, లింటెల్, స్లాబు, పూతపని అంటూ దశలవారీగా విడుదలవుతుంది. విడుదలైనంతవరకే వడ్డీ కట్టాలి, దాన్నే ప్రీ-ఈఎంఐ అంటారు. 12 లక్షలు విడుదలైతే నెలకు 8,500. ఇందులో అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇసుక దొరక్కో మేస్త్రీ రాకో పని ఆరు నెలలు ఆగితే అద్దె, ప్రీ-ఈఎంఐ రెండూ ఆరు నెలలు అదనం. వీలైతే మొదటి విడత నుంచే పూర్తి కంతు మొదలుపెట్టమని అడగొచ్చు. అసలు అప్పటినుంచే తగ్గుతుంది.

అప్పుతో పాటు అంటగట్టే బీమా గురించి కూడా ఒక మాట. ఇంటి యజమాని పోతే అప్పు కుటుంబం మీద పడకుండా బీమా ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఒకేసారి కట్టే ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తే లక్ష ప్రీమియానికి నెలకు 868 చొప్పున ఇరవై ఏళ్లలో రెండు లక్షల ఎనిమిది వేలు కడతారు. అదే రక్షణ విడిగా టర్మ్ పాలసీతో (మనిషి పోతేనే డబ్బిచ్చే బీమాతో) తీసుకోవచ్చు. బ్యాంకు చెప్పిన పాలసీయే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఇలాంటి అమ్మకపు మాటే అయిపోయింది. సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే వస్తుంది, కొత్త విధానంలో రాదు. పన్ను కోసం అప్పు ఉంచుకోవాలన్న సలహా ఇచ్చేవారు ముందు మీది ఏ విధానమని అడిగారో లేదో గుర్తు చేసుకోండి.

కంతు తప్పితే

ఒక్క కంతు తప్పితే ఇల్లు పోదు. బౌన్స్ రుసుం, అపరాధ రుసుం పడతాయి, సిబిల్ నివేదికలో ఆలస్యం నమోదవుతుంది. అపరాధ రుసుమును వడ్డీ రేటుకు కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేయడాన్ని రిజర్వ్ బ్యాంకు ఆపించింది. 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా (వసూలు కాని అప్పుగా) మారుతుంది. అప్పటినుంచి, తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వొచ్చు, ఆ తరవాత ఆస్తి స్వాధీనానికి వెళ్లొచ్చు. ఈ 90 రోజుల్లో చాలామంది చేసే పని బ్యాంకు ఫోను ఎత్తకపోవడం, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కంతు కట్టడం. 71 పైసల అప్పును రెండు రూపాయల అప్పుతో తీర్చడమది. మొదటి కంతు తప్పకముందే బ్రాంచికి వెళ్లి ఉద్యోగం పోయిందనో ఆపరేషన్ జరిగిందనో కాగితాలతో చెబితే గడువు సర్దుబాటుకు దారి ఉంటుంది. తరవాత వెళ్తే ఆ దారి సన్నబడుతుంది. బ్యాంకుకు రాసిచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే రుసుం లేకుండా రాయొచ్చు.

చివరి కంతు కట్టిన రోజు పని అయిపోయిందనుకుంటారు. ఇంకా కొంత ఉంది. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన పత్రాల జాబితా ఉంటే ఒక్కొక్కటీ సరిచూసుకుని తీసుకోవాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ప్లాను కాపీ తరచూ వేరే కవరులో ఉండిపోతాయి. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, తాకట్టు రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దాని రద్దు పత్రం కూడా రిజిస్టరు చేయించాలి. నెల తరవాత ఈసీ (ఆస్తి మీద ఏ తాకట్టు ఉందో చూపే పత్రం) తీయించి చూస్తే, బ్యాంకు పేరు పక్కన రద్దు నమోదై కనిపించాలి. కనిపించకపోతే నో డ్యూ సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ అదే కార్యాలయానికి వెళ్లాల్సిందే.